కాళ్ళకు తెలియని సంగతి

కొబ్బరి కొట్టు నుంచి ఇంటికొచ్చేసరికి ఇశ్రాయేలు కుడికాలికి చెప్పు లేదు. లేదన్న సంగతి అతనికి తెలీదు. ఒక కాలు చెప్పుతోనూ, ఒక కాలు ఉత్తిగానూ కంకరరోడ్డంతా దర్జాగా నడిచొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. భార్య సుందరి చూపు కిందకి వాలాక తనూ కిందకి చూసుకున్నాడు.

"మళ్ళీనా?" అంది సుందరి.

"వంతెన దాకా ఉందే," అన్నాడు, ఎవరో లాక్కుపోయినట్టు.

సుందరి వెళ్ళి కాలవ వంతెన పక్కన బోర్లా పడి ఉన్న చెప్పు తెచ్చింది. వెనక పట్టీ ఉన్నవి కొనుక్కోమంటే అవి ముసలాళ్ళ చెప్పులంటాడు. యాభై దాటినవాడు ఇంకా ఏం కుర్రాణ్ణనుకుంటున్నాడో ఆ ప్రభువుకే తెలియాలి.

చెంబుతో నీళ్ళు పోసి అతని కాళ్ళు కడిగింది. పాత తువ్వాలుతో వేళ్ళ సందులు ఒక్కొక్కటీ తుడిచింది. తర్వాత అతను గెడ్డం గీసుకునే అద్దం తెచ్చి పాదం కింద పెట్టింది. ఆ అద్దానికి పొద్దున ఒక ఉద్యోగం, సాయంత్రం ఒక ఉద్యోగం. ఇవాళ ఎడమ మడమలో కొబ్బరిచిప్ప ముక్క ఒకటి దిగబడి ఉంది. పిన్నీసు మొన పొయ్యి మీద కాల్చి దాన్ని పైకి లాగుతుంటే ఇశ్రాయేలు తన కాలు చూడలేదు, ఆమె మొహం చూశాడు. దెబ్బ ఎంతదో అతను చూసుకునేది అక్కడే.

"లోతా?"

"లోతే. పొద్దున్నించీ దాని మీదే నడుస్తున్నట్టున్నారు."

రక్తం చెంబు నీళ్ళలో కలిసి అరుగు మీంచి కారింది. అతను ఇంకెవరి కాలికో తగిలినట్టు నాలిక చప్పరించాడు.

చిప్ప దిగినా తెలియని ఆ కాళ్ళే, ఏమీ దిగకుండా రాత్రుళ్ళు కారం పూసినట్టు మండుతాయి. ఇదెక్కడి న్యాయమో సుందరికి అర్థం కాదు. ఆ జబ్బు కొంతా, మొదట్లో వాడిన పాత మందు కొంతా కలిసి కాళ్ళ నరాలు తినేశాయని అమలాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. అప్పట్లో ప్రాణం నిలబెట్టింది కూడా ఆ మందేనట. తిట్టుకోవడానికీ లేదు, దండం పెట్టుకోవడానికీ లేదు. ఆ జబ్బు అంటే హెచ్.ఐ.వి. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఇద్దరి మాత్రలూ బియ్యం డబ్బాలో ఒకే సంచీలో ఉంటాయి.

ఊరికి మాత్రం ఇశ్రాయేలుది షుగరు. కాళ్ళు మొద్దుబారడం, పుండు తొందరగా మానకపోవడం, అమలాపురం బస్సెక్కడం, అన్నీ ఆ ఒక్క మాటకి చక్కగా అతికిపోయాయి. ఆ అబద్ధానికి ఇశ్రాయేలు చెల్లించుకున్నదల్లా తీపి. పెళ్ళి పంక్తిలో లడ్డూ పళ్ళెం అతని విస్తరి దగ్గరకొచ్చేసరికి దానికదే ముందుకెళ్ళిపోతుంది. ఎవరింటికెళ్ళినా చప్పటి టీ. చక్కెరంటే ప్రాణం పెట్టే మనిషి ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఆ కషాయం తాగి "బాగుందండి" అంటూ వస్తున్నాడు.

"రేపు మీరు కూర్చోవాలి," అంది సుందరి, కట్టు కడుతూ.

మంచి శుక్రవారం ముందురోజు సాయంత్రం వాళ్ళ గుడిలో పాస్టరుగారు పన్నెండుమంది మగాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి కాళ్ళు కడుగుతారు. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన రోజది. ఇశ్రాయేలు ఒక ఏడు జ్వరమన్నాడు. ఒక ఏడు కాయ లోడు లారీ వచ్చిందన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్న రకం.

"ఈ దెబ్బతోనా?"

"కట్టు విప్పేసి కూర్చోండి. అడిగితే షుగరనండి. అయ్యగారికి ఎలాగూ తెలుసు కదా."

ఊళ్ళో నిజం తెలిసింది పాస్టరు ప్రవీణ్ కుమార్ ఒక్కడికే. కిందటేడు జ్వరంలో ప్రార్థన చెయ్యడానికి వస్తే ఇశ్రాయేలే చెప్పుకుని ఏడ్చాడు. ఆయన చిన్నవాడైనా మాట పొక్కనివ్వలేదు. అందుకే ఆయనంటే సుందరికి గురి.

ఇన్నేళ్ళుగా ఆ కాళ్ళని ఉత్తి చేతులతో పట్టుకుంటున్నది సుందరి ఒక్కతే. ఆమె కాకుండా ఇంకొక్క మనిషి, ఒక్కసారి, అందరి ముందూ, ఆ కాళ్ళు పట్టుకుంటే చూడాలని ఉంది. అంతకు మించిన కోరిక ఆమెకి లేదు. ఆ ఒక్కటీ తీరితే తామిద్దరూ మనుషుల్లో ఉన్నట్టే అనుకుంది.

అతను చాలాసేపు ఆమె కేసి చూశాడు. "సరేలే. నీ ఇష్టం. వెళ్ళి పేరు ఇచ్చొస్తా."

"చెప్పు చూసుకోండి."

పేరివ్వడానికి అంతసేపు ఎందుకో ఆమెకి తోచలేదు. అతను తిరిగొచ్చేసరికి అన్నం చల్లారిపోయింది.

"ఏమన్నారు అయ్యగారు?"

"సరేనన్నారు," అని పీట వాల్చుకున్నాడు.

*

గురువారం పూటా కొట్టులో పని ఉంది. నేలలో నిలువుగా పాతిన ఇనప గునపం ముందు ఇశ్రాయేలు నిలబడి, కాయ మొనకి గుచ్చి, ఒత్తి, మెలితిప్పి, పీచు డొక్క వలుస్తున్నాడు. మూడు విసుర్లకి ఒక కాయ. ఒకప్పుడు చెట్లెక్కి కాయ దింపు తీసేవాడు. చెట్టు ఎక్కేవాడికి కళ్ళకంటే ముందు అరికాలు చూడాలి. అరికాలు చూడటం మానేశాక నేల మీదకి దిగిపోయాడు. సుందరీ, అమ్ములూ వలిచిన డొక్కలు తట్టలకెత్తి రాశి పోస్తున్నారు. అమ్ములుది పక్కిల్లే. సుందరిని వదినా అంటుంది. మనసులో ఏదీ పెట్టుకోదు, నోట్లో అసలే దాచుకోదు.

టీ వచ్చింది. "అన్నయ్యకి చప్పనిది పొయ్యండి," అని అమ్ములే గుర్తు చేసింది. సుందరి ఆ గ్లాసందుకుని ముందు తనొక గుక్క తాగి, అప్పుడు అతనికిచ్చింది. అతనికి వేళ్ళ కొసలు కూడా మొద్దుబారుతున్నాయి. కాలే గ్లాసు హాయిగా పట్టుకుని, నోరు కాల్చుకున్నాక గాని వేడి తెలుసుకోడు.

"ఎంగిలి టీ తాగందే మా అన్నయ్యకి పొద్దు గడవదు," అంది అమ్ములు. అందరూ నవ్వారు. ఇశ్రాయేలు కూడా నవ్వాడు.

సాయంత్రం సుందరి అతని కాళ్ళని గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి, గోళ్ళు తీసి, మడమ పగుళ్ళకి నూనె రాసింది. పెళ్ళికొడుక్కి కూడా అంత సేవ జరగదు. "కడగడానికి అయ్యగారికేం మిగిల్చేవు?" అన్నాడతను.

గుడిలో పన్నెండు కుర్చీలు ఒక వరసలో వేసి ఉన్నాయి. ఇశ్రాయేలు కిటికీ పక్కన చివరి కుర్చీలో కూర్చున్నాడు. సుందరి ఆడవాళ్ళ చాపల మీద ఆ మూలకే, గోడనానుకుని కూర్చుంది. పాస్టరుగారు వాక్యం చదివి, పైబట్ట తీసి, నడుముకి తువ్వాలు కట్టుకున్నారు. ఇత్తడి పళ్ళెం, చెంబు పట్టుకుని ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుంటున్నారు. బడి మాస్టారి కాలు అరచేతిలోకి తీసుకుని, బొటనవేలితో వేళ్ళ సందులు రుద్ది, తువ్వాలుతో అద్దారు. పక్కన రాయిలాంటి మడమల రైతుకీ అంతే. పాట నెమ్మదిగా సాగుతోంది. ఆయన దగ్గరకొస్తున్న కొద్దీ సుందరి గోడ వదిలి ముందుకి జరుగుతోంది.

చివరి కుర్చీ ముందుకొచ్చారు. ఇశ్రాయేలు కళ్ళు మూసుకున్నాడు. పాస్టరుగారి ఎడమచెయ్యి పాదం దాకా వచ్చి, బెత్తెడు దూరంలో ఆగిపోయింది. చెంబులోంచి నీళ్ళు పడ్డాయి. ఆ చెయ్యి గాలిలోనే అటూ ఇటూ కదిలింది, కడుగుతున్నట్టు. రెండో కాలికీ అంతే. తువ్వాలు కొస పాదాల మీద జారవిడిచి పైకి తీసేశారు. వెనకున్నవాళ్ళకి ఆయన వీపే కనబడుతుంది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని పాడుతున్నారు. ఆ మూల నుంచి చూడగలిగిన మనిషి ఒక్కతే.

ఇశ్రాయేలు మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతులు జోడించాడు.

సుందరికి ఒళ్ళంతా మండిపోయింది. కాళ్ళు మొద్దుబారినవాణ్ణి చూసి ఎంత తెలివిగా మోసం చేశాడు! కళ్ళులేనివాడి చేతిలో చెల్లని రూపాయి పెట్టడం కంటే ఇదేం తక్కువ? మనిషన్నవాడు చేసే పనేనా?

*

ఇంటికి నడుస్తుంటే ఇశ్రాయేలే మాట్లాడాడు. "అయ్యగారి చేతులు ఎంత మెత్తనివో సుందరీ."

ఆమె రెండడుగులు ముందుకేసింది.

"అదేంటోగానీ, ఇవాళ తెలిసింది. చెయ్యి పెట్టినట్టు తెలిసింది నాకు."

సుందరి చీకట్లో ఆగిపోయింది. ఆ చెయ్యి తగలలేదని కళ్ళారా చూసింది ఆమె. తగిలిందని నమ్ముతున్నాడు అతను. నమ్మినవాడి మొహంలోకి చూసి కాదని ఎలా చెప్పడం? "మంచిదేగా," అంది. ఆ ఒక్క మాట అనడానికి ప్రాణం పోయినంత పనైంది.

శుక్రవారం మూడుగంటల ఆరాధనలో పాస్టరుగారు ప్రభువు సిలువ మీద పలికిన మాటలు ఒక్కొక్కటే చెబుతుంటే సుందరి ఆయన చేతుల కేసే చూసింది. శుభ్రమైన చేతులు. బైబిలు పుటలు తిప్పుతున్నాయి, చెమట తుడుచుకుంటున్నాయి, చంటిపిల్లల తలల మీద ఆనుతున్నాయి. అన్నిటినీ ముట్టుకుంటున్నాయి. అన్నీ ఎరిగి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి, ఆఖరికి ఆయనకీ తామిద్దరూ అంటరానివాళ్ళే అయ్యారు. తెలియనివాడు భయపడితే క్షమించొచ్చు. తెలిసినవాణ్ణి ఎలా క్షమించాలో ఆ రోజు చెప్పిన ఏ మాటలోనూ ఆమెకి దొరకలేదు.

*

శనివారం ఆడవాళ్ళంతా ఈస్టరు పండగకి గుడి కడిగారు. అమ్ములూ, ఇంకో నలుగురూ వరండాలో కూర్చుని తోరణాలకి కొబ్బరాకు అల్లుతున్నారు. సుందరి మెట్లు ఊడుస్తోంది. ఏమీ అనకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుని వచ్చింది. పక్కనే ఉన్న ఇంట్లోంచి పాస్టరుగారు వచ్చి, నిచ్చెన ఎక్కడ వెయ్యాలో చెప్పి, వెనక్కి వెళ్తూ ఆమె దగ్గర ఆగారు.

"వందనాలమ్మా. ఇశ్రాయేలుగారి కాలెలా ఉంది?"

అంతే. ఒట్టు గట్టున పడింది.

"కాలెలా ఉందో మీకేం తెలుస్తుందండీ, ముట్టుకుంటేగా!"

"అమ్మా..."

"నేను చూసేనండీ. అందరి కాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని కడిగేరు. మా ఆయన కాడికొచ్చేసరికి గాలి కడిగేరు! ఆయనకి తెలీదనే కదా? చెయ్యి పడినా పడకపోయినా ఆ కాళ్ళకి తెలీదనే కదా మీ ధైర్యం? హెచ్.ఐ.వి. ఉన్నోడి కాలు పట్టుకుంటే అంటుకుంటుందాండీ? చదువుకున్నోళ్ళు కదా మీరు! నేను కడుగుతున్నాను, రోజూ కడుగుతున్నాను. నాకంటే..."

నాకంటే ఎలాగూ ఉందనుకోండి అనబోయి ఆగింది. ఆగేసరికి వరండాలో ఆకు చప్పుడు కూడా ఆగిపోయి ఉంది. అమ్ములు చేతిలో సగం అల్లిన ఆకు అలాగే ఉంది. ఆ నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకోవడం లేదు, నేల చూస్తున్నారు.

ఇన్నేళ్ళు బియ్యం డబ్బాలో దాచిన మాట. ఎవరో చెప్పలేదు. తనే చెప్పింది, చీపురు పట్టుకుని, గుడి మెట్ల మీద నిలబడి.

"లోపలికి రండమ్మా," అన్నారు పాస్టరుగారు.

ఇంటి ముందుగదిలో ఆయన కూర్చోలేదు, ఆమెనీ కూర్చోమనలేదు. నెమ్మదిగా అన్నారు. "ఆయనే అడిగేరమ్మా."

"ఏమని?"

"బుధవారం వచ్చేరు. కాలికి ఇవాళే దెబ్బ తగిలింది, రక్తం వచ్చింది, మీకు చిన్నపిల్లలున్నారు, ముట్టుకోవద్దండి అన్నారు. అయితే ఈసారికి మానేద్దామండీ అన్నాను. ఆయ్, పేరు మాత్రం తియ్యకండి, మా ఆవిడ ఆశపడుతోంది, నీళ్ళు పొయ్యండి చాలు, తనకి తెలియనివ్వకండి అన్నారు. ఏడ్చేరమ్మా."

సుందరి చీపురుని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అంటుకోదని నాకూ తెలుసు," అన్నారాయన. తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు. "ఆయన అన్ని సార్లు అడిగేసరికి... ఒప్పుకున్నాను."

అన్ని సార్లు అడిగారో, ఒక్కసారికే ఒప్పుకున్నారో ఆమె అడగలేదు. బయటికొచ్చి చీపురు గోడకి ఆనించి ఇంటిదారి పట్టింది. వరండాలో ఎవరూ వదినా అనలేదు.

*

ఇశ్రాయేలు అరుగు మీద కూర్చుని చెప్పుకి వెనకపక్క నవారు ముక్క కుట్టుకుంటున్నాడు. దబ్బనం వేలికి దిగినా తెలీదు కాబట్టి దగ్గరగా పెట్టుకుని ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కుడుతున్నాడు.

"మీరే వద్దన్నారంట."

దబ్బనం ఆగింది. తల ఎత్తలేదు.

"తెలిసిందన్నారు. చెయ్యి పెట్టినట్టు తెలిసిందన్నారు నాతో!"

"గుమ్మం దిగిన కాణ్ణించీ నా మొహమే చూస్తున్నావు. ఏదోటి చెప్పాలి కదా."

"ఏదోటా! మొదట్లో నాకు చెప్పకుండా దాచేరు. అప్పుడూ నా కోసమే అన్నారు. ఆ దాచుకున్నదే నా ఒంట్లోకీ వచ్చింది. ఇంకెప్పుడూ దాచనని ప్రమాణం చేసేరు. మళ్ళీ నా కోసమే! నేనేమో ఆ పాస్టరు మోసం చేసేడని రెండ్రోజులుగా కుళ్ళి ఏడుస్తున్నాను. ఇంట్లో మీరుండగా నన్ను మోసం చెయ్యడానికి ఇంకొకరు కావాలా?"

అతను చెప్పుని ఒళ్ళోకి తీసుకుని నవారు ముక్క సవరించాడు. 

"అయినా మీరు వద్దంటే ఆయన ఊరుకోడమేంటి? శిష్యుల్లో పేతురు వద్దనలేదా? నా కాళ్ళు ఎన్నడూ కడగొద్దనలేదా? ప్రభువు ఊరుకున్నాడా?"

"ఆయన ప్రభువే సుందరీ," అన్నాడు ఇశ్రాయేలు. "ఈయన పిల్లలున్నవాడు."

ఆ మాటకి ఆమె కోపం ఎక్కడ నిలబడాలో తెలియక కూలబడింది. ఆమె కూడా అరుగు మీద కూలబడింది.

"అంటుకోదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది మీకు."

"చెప్పింది. నీ మీద చెయ్యేసిన ప్రతిసారీ నాకు మొదట నీకు అంటించిందే గుర్తొస్తుంది. డాక్టరమ్మ చెప్పింది గుర్తుకు రాదు. ఏం చెయ్యను?"

సుందరి మిగతాదీ చెప్పింది. మెట్ల మీద అరిచిన సంగతి, ఆ మాట పైకి అనేసిన సంగతి. అతను విని, దబ్బనం దారంలోంచి తీసి, జాగ్రత్తగా డబ్బాలో పెట్టాడు.

"ఎవరెవరున్నారు?"

"అమ్ములు. ఇంకో నలుగురు."

"అమ్ములు చాల్లే. ఆ నలుగురూ దండగ." చెప్పు కింద పెట్టి అన్నాడు, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీలే. నా కాళ్ళకి ఎలాగూ తెలీదు."

ఆమెకి నవ్వు రాలేదు. ఏడుపు కూడా రాలేదు. మోసం చేసినవాడు ఎవడో వెతుక్కుంటూ వెళ్ళి, ఇంటి గుట్టు బయటపెట్టినది తనే అయి తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం ఆమె చెంబు ముట్టుకోలేదు, అద్దం మేకుకి అలాగే వేలాడింది. దీపం పెట్టే వేళకి ఇశ్రాయేలే అద్దం దింపుకుని, కాలు మోకాలి మీద వేసుకుని, మెడ వంచి చూసుకోబోయాడు. మడమ కనబడితే వేళ్ళు కనబడవు, వేళ్ళు కనబడితే మడమ కనబడదు. సుందరి కాసేపు చూసింది. కోపం కోపమే, పుండు పుండే. లేచి వెళ్ళి అతని చేతిలోంచి అద్దం లాక్కుంది.

*

పండగనాడు తెల్లవారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించారు. ఆ తర్వాత గుడిలో ఆరాధన. ఇశ్రాయేలు మగాళ్ళ వైపు తను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. గుడి కిక్కిరిసింది. అతని చాప మీద మాత్రం అటొకరు, ఇటొకరు పట్టే జాగా ఖాళీగా ఉంది. వెనకాల కుర్రాళ్ళు నిలబడి ఆరాధన చూశారు గాని ఆ జాగాలోకి రాలేదు. పాస్టరుగారు పునరుత్థానం గురించి చెప్పారు. ఆ మూలకి చూడకుండా చెప్పారు.

ఆరాధన అయ్యాక పందిట్లో అందరికీ టీ. సుందరి వెళ్ళి భర్త పక్కన నిలబడింది. ఇంటికి వెళ్ళిపోదామా అని ఇద్దరిలో ఎవరూ అనలేదు. అమ్ములు పెద్ద కెటిల్ పట్టుకుని వరసగా కాగితం కప్పుల్లో పోసుకుంటూ వస్తోంది. ప్రతి పండక్కీ ఆమె రెండో చేతిలో చిన్న ఫ్లాస్కు ఉండేది, ఇశ్రాయేలుకి చప్పటి టీ. ఇవాళ ఆ చెయ్యి ఖాళీగా ఉంది.

కెటిల్లోంచే పోసి ఇశ్రాయేలు కప్పు సుందరికి అందించింది. మొహంలోకి చూడలేదు. "తాగండి," అంది, వదినా అనకుండా.

సుందరి అలవాటుగా కాలుతోందేమోనని ఒక గుక్క తాగి చూసింది. తియ్యగా ఉంది. బాగా తియ్యగా ఉంది. మర్చిపోయావా, ఆయనకి షుగరు కదా అనడానికి నోరు తెరిచింది. అమ్ములు ఏదీ మర్చిపోయే మనిషి కాదు. ఆమె నోరు మూసుకుని కప్పు భర్తకిచ్చింది.

ఇశ్రాయేలు ఒక గుక్క తాగి ఆగాడు. కప్పులోకి చూడలేదు, పందిట్లో జనం కేసి చూడలేదు. సుందరి మొహం చూశాడు. చూసి, ఎంత లోతో తెలుసుకున్నాడు. తర్వాత మిగిలిందంతా ఆగకుండా తాగేశాడు.

"ఇంకొంచెం పొయ్యమ్మా," అన్నాడు కప్పు చాచి.

ముందుకెళ్ళిపోతున్న అమ్ములు వెనక్కి తిరిగొచ్చింది. కెటిల్ మూతి కప్పుకి తగలకుండా, బాగా పైకెత్తి, నెమ్మదిగా పోసింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.